మూడో దారికి మెట్లు కట్టకండి మహాప్రభో

తిరుమలకి మూడో నడకదారి కావాలన్న మాట కొన్నాళ్ళకోసారి లేస్తూనే ఉంటుంది. కడప రోడ్డు మీద మామండూరు, కుక్కలదొడ్డి వైపు నుంచి అడవిలోకి తిరిగి, శేషాచలం కొండలెక్కి పార్వేట మండపం దగ్గర తేలే పాతదారి ఒకటుంది. అన్నమయ్య మార్గం అంటారు. 2021 నవంబరు వానలకి శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలలపాటు మూసేసాక, ఆ ఏడాది చివర్లో టీటీడీ బోర్డు కూడా దీన్ని అభివృద్ధి చేస్తామంది. అభివృద్ధి అనగానే నాకు గుండె గుభేలుమంటుంది. మన దగ్గర ఆ మాటకి ఉన్న అర్థం సిమెంటు మెట్లు, రేకుల కప్పు, కూల్ డ్రింకుల కొట్లు, మైకు.

వాదించేవాళ్ళు చెప్పేది ఒకటే: అలిపిరిలో జనం ఎక్కువైపోయారు, ఇంకో దారి వేస్తే సర్దుకుంటారు, ప్రశాంతంగా నడవచ్చు.

సర్దుకోరండీ. లెక్క వేసి చూడండి. రోజుకి డెబ్బైవేల మందికి దర్శనం అవుతోందనుకుందాం, గుడి ఇరవై గంటలు తెరిచి ఉందనుకుందాం. గంటకి 3500 మంది. సెకనుకి దాదాపు ఒకరు. జనం ఆగిపోయేది అక్కడ, ఆ బంగారు వాకిలి ముందు. కొండకింద ఎన్ని దారులు పెట్టినా ఆ సెకను రెండు సెకన్లు కాదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది రోజూ ఉండే గోలే. డేటాబేస్ ఒక్కటే ఉండి అది నత్తనడక నడుస్తుంటే, ముందు ఇంకో పది సర్వర్లు పెట్టించే మేనేజరు ఒకడుంటాడు. క్యూ ఇంకా పెరుగుతుంది, అంతే. ఈ భాష తెలియనివాళ్ళకి మా నూజివీడు భాషలో చెప్తాను. మామిడి మార్కెట్టుకి ఇంకో గేటు పెడితే లారీలు ఇంకొన్ని లోపలికొస్తాయి. కాటాలు మాత్రం అన్నే. రసాలు ఎండలో మగ్గుతూ ఉంటాయి.

మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. రెండోది వేసాక రద్దీ తగ్గిందని ఎవరైనా చెప్పగా విన్నారా?

ఇంకో విషయం పైకి ఎవరూ అనరు. నడకదారిలో జనం పెరగడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, టోకెను కూడా కారణం. నడిచొచ్చినవాళ్ళకి దివ్యదర్శనం టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టాక 'నడిస్తే దర్శనం తొందరగా అవుతుంది' అన్న లెక్క వచ్చేసింది. ఎక్కడ ఇవ్వాలి, ఎన్ని ఇవ్వాలి అన్నది మారుతూ వచ్చింది కానీ లెక్క మాత్రం పోలేదు. మామిడి కోతలయ్యాక మావైపు నుంచి బృందాలుగా కొండకి వెళ్ళేవాళ్ళ మాటలు వినండి. అలిపిరి 3550 మెట్లా, శ్రీవారి మెట్టు 2388 మెట్లా, దేంట్లో టోకెను ఖాయం? ఇదే చర్చ. వాళ్ళని తప్పు పట్టట్లేదు, పిల్లాపాపల్తో వెళ్ళేవాడు అలాగే ఆలోచిస్తాడు. కానీ రేపు మూడో దారికి కూడా టోకెను తగిలిస్తే అది ఇంకో షార్ట్‌కట్టు అవుతుంది. ప్రశాంతత మొదటి వారమే హుష్‌కాకి.

పైగా ఆ దారి వెళ్ళేది ఎలాంటి అడవిలోంచి? 1989లో నేషనల్ పార్కు అయింది, 2010లో శేషాచలం మొత్తాన్ని బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్దిపాటి నేల ఇది. 2023లో ఏం జరిగిందో మర్చిపోయామా? జూన్‌లో అలిపిరి దారిలో ఒక పిల్లవాణ్ణి చిరుత ఎత్తుకుపోతే అదృష్టం కొద్దీ బతికాడు. ఆగస్టులో ఆరేళ్ళ పాప బతకలేదు. కప్పు, దీపాలు, కొట్లు, వేలమంది జనం ఉన్న దారిలోనే ఇది జరిగింది. ఆ తర్వాత పిల్లలకి వేళలు పెట్టారు, పెద్దవాళ్ళ చేతికి కర్రలిచ్చారు. (కర్ర మీద జోకులు వేసినవాళ్ళు ఒక రాత్రి ఏడోమైలు దగ్గర నడిచి చూడాలి.) తినుబండారాల చెత్త పడిన చోటికి కుక్కలు, పందులు చేరతాయి, వాటికోసం చిరుత వస్తుంది. అడవి నడిబొడ్డున ఇంకో తినుబండారాల వీధి తెరుస్తామంటే ఏమనాలి?

కడప, రాజంపేట వాళ్ళ వాదన మాత్రం నేను కొట్టిపారెయ్యను. తాతలనాటి దారి మాది, మేం రేణిగుంట చుట్టూ తిరిగి ఎందుకు రావాలి, ఎర్రచందనం దొంగలు తిరిగే అడవిలో గోవిందా అంటూ వచ్చేవాడికే ఎందుకు అడ్డు అంటారు. న్యాయమే. అందుకే మూసెయ్యమనట్లేదు. అన్నమయ్య పేరు చెప్పి మెట్లు కట్టడమే నాకు రుచించదు. చిన్నప్పుడు ఆయన అలిసిపోయి పడుకుంటే అలమేలుమంగ కలలో కనపడిందని చెప్పే మోకాళ్ళ పర్వతం అలిపిరి దారిలోనిదే అన్న సంగతి అటుంచండి.

దారిని దారిలాగే ఉంచి తెరవచ్చు. రోజుకి ఇంతమందే అని ముందే పేర్లు రాసుకోవాలి. పొద్దున్నే బయల్దేరాలి, గుంపుగా వెళ్ళాలి, ఫారెస్టు వాళ్ళ మనిషి తోడుండాలి. చీకటి పడేలోపు పైకి చేరలేమనుకుంటే ఎక్కనివ్వకూడదు. తాగే నీళ్ళు తప్ప దారిలో ఏదీ అమ్మకూడదు. మెట్టు ఒక్కటి కూడా వద్దు, జారే చోట రాళ్ళు సర్దితే చాలు. అన్నిటికంటే ముఖ్యం, ఆ దారిన వచ్చినవాళ్ళకి టోకెను ఇవ్వకూడదు. పైకొచ్చాక అందరితోపాటు క్యూలో నిలబడాలి. ఈ ఒక్క షరతు పెట్టి చూడండి, మూడోదారి కావాలని గొంతు చించుకుంటున్నవాళ్ళలో ఎంతమంది మిగులుతారో. ఆ మిగిలినవాళ్ళ కోసమే ఆ దారి.

ఇక మెట్లకి, కప్పుకి అనుకున్న డబ్బుందా, దాన్ని అలిపిరిలో ఖర్చుపెట్టండి. గాలిగోపురం దాటాక చెత్తబుట్టలు పొంగకముందే ఖాళీ చేసే మనుషులు కావాలి. ఏడోమైలు చుట్టూ రాత్రి కాపలా కావాలి. పిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళని చీకటి పడకముందే బస్సెక్కించే ఏర్పాటు కావాలి.