లెక్క పెడితే బరకత్ పోతుందా?

నాలుగేళ్ల కింద మా మామూ ఇంతెఖాల్ అయ్యారు. ఊళ్లో ముప్ఫై ఏళ్లు రెడీమేడ్ బట్టల దుకాన్ నడిపిన మనిషి. నమాజే జనాజాకి సఫ్‌లు సర్దుకుంటున్నప్పుడు, మన రివాజు ప్రకారం పెద్ద కొడుకు ముందుకొచ్చి అడిగాడు: "మా అబ్బా ఎవరికైనా బాకీ ఉంటే మాకు చెప్పండి, మేం అదా చేస్తాం. లేదంటే అల్లా కోసం మాఫ్ చేయండి." ఆ వారంలోనే ముగ్గురు హోల్‌సేల్ వాళ్లు చిట్టీలు పట్టుకుని వచ్చారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ చిట్టీల్లో ఉన్నది ఇంకా కట్టాల్సిందా, కట్టేసిందా అని చెప్పే కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు.

మరి మామూకి రావాల్సినవి? గల్లా కింద ఒక నోట్‌బుక్కు దొరికింది. అందులో "పచ్చ గేటు ఆపా – 1200", "లంబూ – 400", "నికా షేర్వానీ – సగం బాకీ". ఈ పేర్లు చదవగలిగేది ఆయన ఒక్కరే. మా ముమానీ ఇద్దత్‌లో కూర్చుని ఆ నోట్‌బుక్కు పేజీలు తిప్పుతూ ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. చివరికి ఇవ్వాల్సినవన్నీ ఇచ్చాం. రావాల్సిన వాటిలో సగం కూడా రాలేదు.

మామూ బద్ధకస్తుడు కాదు, మోసగాడు అంతకన్నా కాదు. ఎప్పుడైనా హిసాబ్ సంగతి ఎత్తితే నవ్వి ఒకటే మాట అనేవారు: "లెక్క పెడితే బరకత్ పోతుంది బేటా." ఈ మాట మీరూ వినే ఉంటారు. మన ఇళ్లలో, మన దుకాన్లలో దీన్నొక దీనీ మాట లాగా చెప్పుకుంటాం. నాకు దీనితోనే పేచీ.

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్ ఏదో తెలుసా? సూరా బఖరాలోని 282వ ఆయత్. అది నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. ఉధార్ రాసి పెట్టుకోవడం గురించి. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోవాలి, రాసేవాడు ఇన్సాఫ్‌గా రాయాలి, గవాహీ ఉండాలి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకూడదు అని అందులో హుకుం ఉంది. చేతికి చేయి జరిగే నగదు బేరానికి మాత్రం రాయకపోయినా పర్వాలేదని వెసులుబాటు ఉంది. ధాన్యం కొలిచి తీసుకోండి, బరకత్ ఉంటుందనే మాట హదీసుల్లోనూ ఉంది. ఇక లెక్కలో బరకత్ పోతుందని ఎలా అంటాం? లెక్క లేని చోట పోయేది మన కంటికి కనపడదు, అంతే.

ఇంకో ముచ్చట. తెలుగువాళ్లు దుకాన్లో రోజూ వాడే మాటలు చూడండి: జమ, ఖర్చు, బాకీ, వసూలు, నగదు, అసలు, రసీదు. ఇవన్నీ అరబీ, ఫార్సీల నుంచి వచ్చినవే. ఊరందరికీ హిసాబ్ మాటలు ఇచ్చిన జబాన్ మనది. హిసాబ్ రాయని దుకాన్లు కూడా మనవే అయితే ఎలా?

కొని అమ్మే తిజారత్‌లో లెక్క పెద్ద ఇల్మ్ ఏమీ కాదు. ఒక రంజాన్ నెల మిసాల్‌గా తీసుకుందాం. మన ఊరి దుకాన్‌దార్ ఒకాయన షాబాన్ నెలాఖరున బీరువాల్లో ఉన్న సరుకు లెక్కబెట్టాడు. కొన్న ధర ప్రకారం 3 లక్షలు. పత్తర్‌గట్టి, మదీనా సెంటర్ తిరిగి 5 లక్షల సరుకు తెచ్చాడు. అందులో 2 లక్షలు నగదు, 3 లక్షలు ఈద్ తర్వాత ఇస్తానన్నాడు. హమాలీ, లారీ కిరాయి 10 వేలు. ఇది కూడా సరుకు ధరలోనే కలపాలి, ఎందుకంటే ఆ ఖర్చు లేకుండా సరుకు దుకాన్ చేరదు. మొత్తం 8 లక్షల 10 వేలు.

ఈద్ అయ్యాక మిగిలిన సరుకు లెక్కబెడితే కొన్న ధరకి 3 లక్షల 50 వేలు. అంటే అమ్ముడుపోయిన సరుకు అసలు ధర 4 లక్షల 60 వేలు. అమ్మకాలు 6 లక్షలు. మునాఫా 1 లక్షా 40 వేలు. అందులోంచి దుకాన్ కిరాయి, పిల్లల జీతాలు, కరెంటు, కవర్లు, చాయ్ అన్నీ కలిపి 50 వేలు పోతే, నికరంగా మిగిలింది 90 వేలు.

ఇప్పుడు గల్లా సంగతి. 6 లక్షల అమ్మకంలో 80 వేలు ఉధార్. నగదుగా వచ్చింది 5 లక్షల 20 వేలు. చాంద్ రాత్ నాడు ఆ గల్లా చూసి ఆయన దిల్ ఖుష్ అయిపోయింది. ఇంటికి కొత్త ఫ్రిజ్, బావమరిదికి బండి మాటిచ్చాడు. కానీ ఆ డబ్బులోంచి ఖర్చులు 50 వేలు, కిరాయి హమాలీ 10 వేలు, హోల్‌సేల్ వాళ్లకి 3 లక్షలు తీస్తే మిగిలేది 1 లక్షా 60 వేలు. మొదట్లో తన జేబులోంచి పెట్టింది 2 లక్షలు. అంటే 90 వేల మునాఫా వచ్చిన నెలలో చేతిలో డబ్బు 40 వేలు తగ్గింది! ఎక్కడికి పోయింది? 50 వేలు ఎక్కువ సరుకై బీరువాల్లో కూర్చుంది, 80 వేలు జనం ఇళ్లల్లో ఉంది. చోరీ కాలేదు, నజర్ తగల్లేదు. మునాఫా వేరు, గల్లా వేరు. ఈ ఒక్క ఫరక్ తెలియక ఈద్ తర్వాత మూతబడిన దుకాన్లు నేను కళ్లారా చూశాను.

ఇంకో ధోకా డిస్కౌంట్‌లో ఉంది. 200కి కొన్న చొక్కా మీద 25 శాతం వేసుకుని 250 చెబుతాం. గిరాకీ బతిమాలితే 20 శాతం తగ్గిస్తాం. ఇంకా 5 శాతం మిగిలిందనుకుంటాం. 250లో 20 శాతం అంటే 50 రూపాయలు. మిగిలింది సున్నా. వేసుకునే శాతం కొన్న ధర మీద, తగ్గించే శాతం అమ్మే ధర మీద. కిరాయి, కరెంటు లెక్కేస్తే ఆ చొక్కా నుక్సాన్‌కి అమ్మినట్టే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది జకాత్. చాలామంది భాయీలు ఆ ఏడాది మునాఫా ఎంత అని అందాజాగా అనుకుని దాని మీద రెండున్నర శాతం తీస్తారు. తిజారత్ సరుకు మీద జకాత్ లెక్క అది కాదు. చాంద్ లెక్కన సాల్ పూర్తయిన రోజున అమ్మకానికి ఉన్న సరుకు ఆనాటి బజారు ధరకి, చేతిలో నగదు, వస్తుందనే నమ్మకమున్న ఉధార్, ఈ మూడూ కలిపి, కట్టాల్సిన బాకీలు తీసేసి, మిగిలింది నిసాబ్ దాటితే దాని మీద రెండున్నర శాతం. బీరువాలు, ఫ్యాన్లు, కుట్టు మిషన్ లెక్కలోకి రావు, అవి అమ్మే సరుకు కాదు.

మన దుకాన్‌దార్ సాల్ ఈద్ మరునాడే పూర్తయిందనుకోండి. హోల్‌సేల్ వాళ్లకి ఇంకా కట్టలేదు. సరుకు బజారు ధర 4 లక్షల 20 వేలు, నగదు 4 లక్షల 60 వేలు, ఉధార్ 80 వేలు. మొత్తం 9 లక్షల 60 వేలు. బాకీ 3 లక్షలు తీస్తే 6 లక్షల 60 వేలు. జకాత్ 16,500. మునాఫా మీద లెక్కేసుకుంటే 2,250. తేడా 14,250 రూపాయలు. ఆ డబ్బు అతనిది కాదు, గరీబుల హఖ్. హిసాబ్ రాయకపోవడం వల్ల ఏటా ఎవరి హఖ్ మన గల్లాలో ఉండిపోతోందో ఆలోచించండి. పాత మొండి బాకీలు, కిస్తీల అప్పులు ఎలా లెక్కలోకి తీసుకోవాలో మీ ఉలమాని అడగండి. కానీ అడగడానికి ముందు అంకెలు మీ చేతిలో ఉండాలి కదా!

గల్లాలోంచి ఇంటికి తీసే డబ్బు సంగతి కూడా చెప్పాలి. పిల్లల ఫీజు, అమ్మీ దవా, వలీమా కట్నం అన్నీ గల్లాలోంచే పోతాయి, ఎక్కడా రాయం. తర్వాత దుకాన్ నడవట్లేదని అంటాం. హజ్రత్ అబూబకర్ రజియల్లాహు అన్హు బట్టల తాజిర్. ఖలీఫా అయ్యాక ఆయన ఇంటి ఖర్చుకి బైతుల్ మాల్ నుంచి ఇంత అని ముఖర్రర్ చేశారు. మనం కూడా నెలకి ఇంత అని మన జీతం మనమే ముఖర్రర్ చేసుకోవచ్చు. ఎక్కువ తీయాల్సి వస్తే తీయండి, కానీ రాయండి. అన్నదమ్ములు కలిసి నడిపే దుకాన్లో ఇది ఇంకా జరూరీ. ఎవరు ఎంత తీశారో రాయని చోట అబ్బా పోయిన నలభైయో రోజు నుంచే ఝగడా మొదలవుతుంది.

"చదువు రానోడిని, ఇదంతా ఎవరు రాస్తారు?" అంటారు. మీ ఇంట్లోనే ఉన్నారు. బీకాం చదివిన బేటీ ఉంది, ఇంటర్ చదివే కోడలు ఉంది. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా మక్కాలో పెద్ద తాజిర్. ఆమె పేరు మన ఆడపిల్లలకి పెట్టుకుంటాం గానీ దుకాన్ ఖాతా మాత్రం వాళ్ల చేతికివ్వం. ఇస్తే రెండు ఫాయిదాలు. లెక్క సాఫ్‌గా ఉంటుంది. రేపు మనం లేకపోయినా ఇంట్లో ఎవరికో ఒకరికి అన్నీ తెలిసి ఉంటాయి.

కావాల్సింది మూడు పుస్తకాలు. ఒకటి రోజువారీ నగదు: వచ్చింది, పోయింది, రాత్రి గల్లాతో సరిపోయిందా. రెండోది ఉధార్: మనకి రావాల్సినవి ఒక వైపు, మనం ఇవ్వాల్సినవి ఒక వైపు, పూర్తి పేరు, ఫోన్ నంబరు, తారీఖుతో. మూడోది సరుకు: ఏది ఎంతకి కొన్నాం, ఎంత మిగిలింది. ఫోన్లో రాసినా సరే. నెలకొకసారి బీరువాలు దింపి సరుకు లెక్కబెట్టండి. కనీసం ఏడాదికొకసారి, జకాత్ రోజున.

మా మామూ దుకాన్ ఇప్పుడు ఆయన చిన్న కూతురు చూస్తోంది. మొదటి రోజే కొత్త ఖాతా పుస్తకం కొంది. పాత నోట్‌బుక్కు మాత్రం పారేయలేదు, గల్లా కిందే ఉంచింది. ఎందుకమ్మా అంటే, "పచ్చ గేటు ఆపా ఎవరో ఎప్పటికైనా తెలుస్తుందేమో భాయీ" అంది. ఇంకా తెలియలేదు.

ఈ రాత్రి దుకాన్ మూసే ముందు మీ నోట్‌బుక్కు ఒకసారి తెరవండి. అందులో మీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాని పేర్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి.