కెమెరా ధరలో వెలుతురు వాటా ఎంత?

కేనన్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ఈఓఎస్ ఆర్50 అనే చిన్న మిర్రర్‌లెస్ కెమెరాను ప్రకటించింది. మరుసటి ఏడాది జూలైలో తన శ్రేణిలో అన్నిటికంటే పైమెట్టున ఉండే ఈఓఎస్ ఆర్1ను ప్రకటించింది. మొదటిది కొత్తగా నేర్చుకునేవారి కోసం. రెండోది క్రీడా మైదానాల్లో, వార్తల వేటలో బతికే వృత్తి ఫొటోగ్రాఫర్ల కోసం. అమెరికాలో ప్రకటించిన ధరల ప్రకారం లెన్స్ లేకుండా ఆర్50 సుమారు 680 డాలర్లు, ఆర్1 6,299 డాలర్లు. అంటే తేడా తొమ్మిది రెట్లకు పైనే. అయినా రెండింటి వివరాల పట్టికలోనూ ఒక అంకె మాత్రం అచ్చంగా ఒకటే: 24.2 మెగాపిక్సెళ్లు.

ఆ మిగతా ఎనిమిది రెట్ల డబ్బు దేనికి? దుకాణంలో అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, 'క్వాలిటీ'. ఈ మాటను నమ్మి అప్పు చేసి ఖరీదైన బాడీ కొని, చివరికి లెన్స్‌కు డబ్బు చాలక చతికిలపడే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఆ జవాబు పూర్తిగా అబద్ధమని కాదు. కానీ భౌతికశాస్త్రం వైపు నుంచి చూస్తే అందులో నిజం పాలు తక్కువే.

వాన పడుతున్నప్పుడు పెరట్లో ఒకే రకం చెంబులు వంద పెట్టారనుకుందాం. పది క్షణాల తర్వాత చూస్తే అన్నిటిలో సమానంగా చినుకులు పడి ఉండవు. ఒకదానిలో తొంభై, పక్కదానిలో నూట పది. చెంబుల్లో లోపమేమీ లేదు. వాన స్వభావమే అంత. వెలుతురు కూడా ఫోటాన్ల రూపంలో ఇలాగే చెదురుమదురుగా వచ్చి సెన్సర్ మీద పడుతుంది. సగటున 100 ఫోటాన్లు పడేచోట హెచ్చుతగ్గు దాని వర్గమూలమంత, అంటే 10 ఉంటుంది. అది పది శాతం. 10,000 ఫోటాన్లు పడితే హెచ్చుతగ్గు 100, అంటే ఒక్క శాతమే. చీకట్లో తీసిన ఫొటోలో కనిపించే ఇసుక రాల్చినట్టు గరుకుదనంలో ఎక్కువ భాగం ఇదే. అది కెమెరా పుట్టించిన రొద కాదు, వెలుతురుతోనే వచ్చిన రొద. ఎంత ఖరీదు పెట్టినా దాన్ని తీసేసే సెన్సర్ దొరకదు. నేటి మంచి సెన్సర్లు తమ మీద పడిన ఆకుపచ్చ కాంతిలో ఇప్పటికే సగం దాకా పట్టుకుంటున్నాయి. రేపు ఎవరైనా నూటికి నూరు పట్టే సెన్సర్ తయారుచేసినా ఫోటాన్లు రెట్టింపు అవుతాయంతే. గరుకుదనంలో మెరుగు సుమారు 1.4 రెట్లు.

అందుకే చెంబు బదులు గంగాళం పెట్టడమే ఉపాయం. ఆర్1 సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, ఆర్50 సెన్సర్ 22.3×14.9 మిల్లీమీటర్లు. వైశాల్యంలో తేడా 2.6 రెట్లు. ఎపర్చర్, షట్టర్ వేగం ఒకేలా పెడితే పెద్ద సెన్సర్ మొత్తం మీద 2.6 రెట్ల వెలుతురు పోగుచేస్తుంది. చిత్రం నునుపుదనం దాని వర్గమూలం మేరకు, అంటే 1.6 రెట్లు మెరుగవుతుంది. ఇది నిజమైన లాభమే, చీకట్లో కంటికి కనిపిస్తుంది కూడా. కానీ తొమ్మిది రెట్ల ధర పక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు లెన్స్ సంగతి. ఆర్50తో కలిపి అమ్మే 18-45 జూమ్ లెన్స్‌ను చివరిదాకా లాగితే దాని ఎపర్చర్ ఎఫ్ 6.3 దగ్గర ఆగుతుంది. 45ను 6.3తో భాగిస్తే వెలుతురు లోపలికొచ్చే కంత వ్యాసం సుమారు ఏడు మిల్లీమీటర్లు. బఠాణీ గింజంత. అదే సంస్థ అమ్మే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్‌లో ఆ వ్యాసం దాదాపు 28 మిల్లీమీటర్లు, పది రూపాయల నాణెమంత. సెన్సర్ మీద ప్రతి చదరపు మిల్లీమీటరుకు చేరే వెలుతురు 6.3ను 1.8తో భాగించి వర్గం చేసినంత, అంటే 12 రెట్లు పెరుగుతుంది. ఈ లెన్స్ విడుదల ధర సుమారు 200 డాలర్లు. జూమ్ కావాలంటే కాళ్లతో ముందుకూ వెనక్కూ నడవాలి, అదొక్కటే ఇబ్బంది. బాడీకి అదనంగా 5,600 డాలర్లు పోస్తే 2.6 రెట్లు, లెన్స్‌కు 200 డాలర్లు పెడితే 12 రెట్లు. అదే లెన్స్‌ను ఆర్1కు తగిలిస్తే అక్కడా ఆ 2.6 రెట్లు అదనంగా వస్తాయి, కాదనలేం. అయితే చేతిలో డబ్బు కొద్దిగా ఉన్నప్పుడు మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలో ఈ లెక్క చెబుతుంది. విచిత్రమేమిటంటే కెమెరాల సమీక్షల్లో బాడీ గురించి నలభై నిమిషాలు మాట్లాడి, లెన్స్‌ను రెండు మాటల్లో తేల్చేస్తారు.

పక్షుల దగ్గరికి వస్తే లెక్క ఏకంగా తిరగబడుతుంది. రెండు కెమెరాల్లోనూ అడ్డంగా 6,000 పిక్సెళ్లు ఉంటాయి. ఆర్1లో అవి 36 మిల్లీమీటర్లలో పరుచుకుంటే ఆర్50లో 22.3 మిల్లీమీటర్లలో కిక్కిరిసి ఉంటాయి. పులికాట్ దగ్గరి నేలపట్టులో చెట్టు మీది గూడబాతును గట్టు మీద నిలబడి ఒకే 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే, ఆర్50 చిత్రంలో ఆ పక్షి పొడవునా 1.6 రెట్లు, మొత్తం మీద 2.6 రెట్లు ఎక్కువ పిక్సెళ్లను ఆక్రమిస్తుంది. పక్షికి దగ్గరగా పోకూడదు, పోలేం కూడా. మంచి ఎండలో, నాణ్యమైన లెన్స్‌తో, కదలని పక్షి ముక్కు మీది మచ్చలు చూపించే పనిలో చవక కెమెరాదే పైచేయి కావచ్చు. ఇది కేవలం సరదా సంగతి కాదు. 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికకు ఆధారం దాదాపు 30 వేల మంది పక్షి వీక్షకులు ఈబర్డ్‌లో నమోదుచేసిన పరిశీలనలే. అరుదైన పక్షిని చూశామని రాస్తే గుర్తింపు సరిచూసేవారికి ఫొటో ఎంతో సాయపడుతుంది. 'మంచి కెమెరా కొన్నాక చూద్దాం' అని వాయిదా వేసుకునే ప్రతి కళాశాల విద్యార్థి వల్ల ఆ లెక్కలో ఒక ఊరు, ఒక చెరువు ఖాళీగా మిగిలిపోతాయి.

మరి ఖరీదైన కెమెరాలో ఏముంది? అందులో ఎక్కువగా కొనేది కాలం.

సెన్సర్ చిత్రాన్ని ఒక్క దెబ్బన చదవదు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ పోతుంది. షట్టర్ తెర కదలకుండా పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో తీసినప్పుడు మామూలు సెన్సర్లకు ఇందుకు తరచూ 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి 30 మిల్లీసెకన్లలో మీటరుకు పైగా ప్రయాణిస్తుంది. అందుకే బ్యాటు అరటి దవ్వలా వంగినట్టు కనిపిస్తుంది. ఆర్1లో సెన్సర్ పొరకు కిందే వేగంగా చదివే సర్క్యూట్ల పొరను అతికిస్తారు. దీన్నే స్టాక్డ్ సెన్సర్ అంటారు. చదివే సమయం మూడు మిల్లీసెకన్ల దరిదాపుకు పడిపోతుంది. ఆ వ్యవధిలో బంతి కదిలేది జానెడు కూడా కాదు. సెకనుకు 40 చిత్రాలు తీయగలగడం, వాటి నడుమ ఫోకస్ లెక్కలు ఎన్నోసార్లు వేసుకోవడం ఈ వేగం వల్లే సాధ్యం. ధర పెరిగేదీ ఇక్కడే. 300 మిల్లీమీటర్ల సిలికాన్ పళ్లెం మీద 36×24 సెన్సర్లు వైశాల్యం లెక్కన చూసినా 82 దాటవు, గుండ్రటి అంచుల దగ్గర వృథా పోగా ఇంకా తగ్గుతాయి. ఒక్క లోపం పడితే అంత పెద్ద ముక్కా పనికిరాకుండా పోవచ్చు.

వేగం కోసం చిత్ర నాణ్యతను కొంత వదులుకున్న ఉదాహరణ కూడా ఉంది. సోనీ 2023 నవంబరులో ప్రకటించిన ఎ9-3 అన్ని పిక్సెళ్లనూ ఒకే క్షణంలో చదువుతుంది, సెకనుకు 120 చిత్రాలు తీస్తుంది. కానీ దాని కనీస ఐఎస్ఓ 250, చాలా కెమెరాల్లో అది 100. ఒక్కో పిక్సెల్‌లో వెలుతురును పట్టి ఉంచే చోటు తగ్గినందుకు చెల్లించిన మూల్యం అది. విడుదలైనప్పుడు దాదాపు ఆరు వేల డాలర్లున్న ఈ కెమెరా, నిలకడగా ఉన్న కొండ ఫొటో తీయడంలో తనకంటే చవకైన వాటికి తీసిపోవచ్చు. వృత్తివారికి దానితో పేచీ లేదు, వాళ్లు కొండల కోసం దాన్ని కొనరు.

పెళ్లిళ్లు తీసేవారి పరిస్థితి వేరు. వాళ్ల వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. జీలకర్ర-బెల్లం రెండోసారి పెట్టించలేరు. ఆర్50లో ఒక్క కార్డే పడుతుంది. అది చెడిపోతే పెళ్లంతా పోయినట్టే. ఆర్1లో రెండు కార్డుల్లో ఒకేసారి రాసుకునే వీలుంది. దుమ్ము, తడి లోపలికి పోకుండా రక్షణ, పెద్ద బ్యాటరీ ఉన్నాయి. అయితే రెండు కార్డులు కావాలంటే పైమెట్టుదాకా ఎక్కనక్కర్లేదు, మధ్యశ్రేణి కెమెరాల్లో చాలావాటికి ఆ సదుపాయం ఉంది. ఇక మండపంలో దీపాల వల్ల ఫొటోలో అడ్డచారలు పడుతున్నాయన్న ఫిర్యాదు చాలామందిది. మన దేశంలో కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది కాబట్టి దాని మీద వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువతక్కువలవుతాయి. షట్టర్ వేగం 1/100 లేదా 1/50 పెడితే ప్రతి వరుసకూ పూర్తి ఆవర్తనాల వెలుతురు అందుతుంది, చారలు దాదాపు మాయమవుతాయి. దీనికి పైసా ఖర్చు లేదు. వేదిక మీద రంగులు మారే ఎల్ఈడీ తెరల మినుకు వేరే లయలో ఉంటుంది, అక్కడ మాత్రం ఈ చిట్కా ప్రతిసారీ పనిచేయదు.

అప్పు పత్రం మీద సంతకానికి ముందు చేయదగిన పరీక్ష ఒకటుంది. పెద్ద కెమెరాను ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోవాలి. చిన్నదాని పక్కన పెట్టి, రెండింటికీ ఒకే లెన్స్ మార్చి మార్చి తగిలించి, ఒకే ఎపర్చర్, 1/100 షట్టర్, ఒకే ఐఎస్ఓతో ఇంట్లో మసక గదిలో ఒక ముఖాన్ని తీయాలి. ముఖం రెండింటిలోనూ ఒకే పరిమాణంలో వచ్చేలా ముందుకో వెనక్కో జరగాలి. తర్వాత రెండు చిత్రాలనూ 12×18 అంగుళాల కాగితం మీద ప్రింటు తీయించాలి. ఆ పరిమాణంలో రెండింటికీ అంగుళానికి 333 చుక్కలే వస్తాయి. ఏది ఏ కెమెరాదో ప్రింట్ల వెనక రాసి, ఆ సంగతి చెప్పకుండా ఇంట్లోవాళ్లకు చూపించాలి.