ముందు చెప్పేదెవరో చూద్దాం

మొన్న క్లబ్ మీటింగ్‌లో 'మైదానం' మీద చర్చ పెట్టాం. గంటసేపు ఒకటే గొడవ. రాజేశ్వరి చేసింది రైటా, తప్పా? ప్లీడరు భర్తని వదిలేసి అమీర్‌తో వెళ్ళిపోవడమేంటని ఒక బ్యాచ్, వెళ్తే ఏంటని ఇంకో బ్యాచ్. నేనేమీ మాట్లాడలేదు. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియం కదా, తెలుగు పేజీ చదవడానికి నాకు రెట్టింపు టైం పడుతుంది. అలా మెల్లగా చదవడం వల్లేనేమో, రూముకొచ్చాక ఒక డౌటొచ్చింది. అసలు ఈ కథ మనకి చెప్తున్నదెవరు?

రాజేశ్వరే. ఈ నవల వచ్చింది 1927లో. ఇదే కథ ఆమె భర్త చెప్పుంటే పరువు పోయిన మనిషి గోడు అయ్యేది. ఊరివాళ్ళు చెప్పుంటే "లేచిపోయింది" అన్న ఒక్క మాటతో అయిపోయేది. చలం ఆమె చేతే చెప్పించాడు. అందుకే ఆమెని తిట్టాలనుకునేవాళ్ళు కూడా ముందు ఆమె చెప్పేది వినక తప్పదు.

అలాగని ఆమె చెప్పిందే మొత్తం కథ కాదు. డీబగ్ చేసేటప్పుడు లాగ్‌లో మనం ప్రింట్ చేయించిందే కనిపిస్తుంది. కనిపించనిది జరగలేదని కాదు. ఇక్కడ భర్త ఏమనుకున్నాడో అతని నోట మనం వినం. అమీర్ పెట్టిన బాధ కూడా ఆమె ప్రేమలోంచే మనదాకా వస్తుంది. బిడ్డ వద్దని అతను పట్టుబట్టిన చోట నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం అప్పుడు కూడా అతన్ని ప్రేమిస్తూనే ఉంటుంది. నా కోపానికీ ఆమె ప్రేమకీ మధ్య ఉన్న ఆ తేడా దగ్గరే నాకు నవల అర్థమవడం మొదలైంది. పైగా ఆ ఆడగొంతు వెనక ఉన్న రచయిత మగవాడు. అదీ గుర్తుండాలి.

'బారిస్టర్ పార్వతీశం' చూడండి. మొగల్తూరు కుర్రాడు తెలీక ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడు. వేరేవాళ్ళు చెప్తే అది పల్లెటూరివాణ్ణి వెక్కిరించడమే. తన తెలివితక్కువతనం తనే చెప్పుకుంటాడు కాబట్టి మనం అతనితో కలిసి నవ్వుతాం. టోపీ అదే. చెప్పే మనిషి మారితే నవ్వు మారిపోతుంది.

ఇదంతా ఆలోచిస్తుంటే మా పిన్ని గుర్తొచ్చింది. నేను పుట్టకముందే ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుందట. ఆ కథ అమ్మమ్మ నోట విన్నాను, మామయ్య నోట విన్నాను, పండక్కొచ్చిన చుట్టాలందరి నోటా విన్నాను. పిన్ని నోట ఒక్కసారి కూడా వినలేదు. అయినా ఆవిడదే తప్పని నాకో గట్టి అభిప్రాయం! పందొమ్మిదేళ్ళుగా నేను ఒక్క పక్షం నెరేటర్లనే నమ్ముతూ వచ్చానన్నమాట.

అమ్మ ఫోన్లోంచి నంబర్ తీసుకుని పోయిన ఆదివారం ఫోన్ చేశాను. నేనెవరో చెప్పగానే పిన్ని అడిగిన మొదటి మాట, "ఎవరికేమైంది?"

ఎవరికీ ఏమీ కాలేదని, ఊరికే చేశానని నమ్మించడానికి కాసేపు పట్టింది. సెలవుల్లో రమ్మంది. వెళ్తాను. ఆవిడ కూడా కొన్ని వదిలేసే చెప్తుందని తెలుసు. అయినా ఆవిడ నోట వినకుండా ఆవిడ మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు.

వచ్చే మీటింగ్‌లో ఏ నవల తీసుకున్నా సరే, రైటా తప్పా అన్నది రెండో ప్రశ్నగా పెట్టుకుందాం.