బడిపంతులు పింఛను

బ్రతకలేక బడిపంతులను సామెతను పెద్దలు పరిహాసమునకు చెప్పిరో, పరితాపముతో చెప్పిరో గాని, ఆ వృత్తికి ఒక్క ఊరట మాత్రము చిరకాలము నిలిచియుండెను: పూర్తికాలము సేవచేసి విరమించినవానికి చివరి మూలవేతనములో సగము, కరువుభృతితో సహా, జీవితాంతము లభించుచుండెను. 2004 సెప్టెంబరు 1 మొదలు కొలువున చేరినవారికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ ఊరటను తొలగించి, జీతమునుండి నూటికి పదివంతున మినహాయించి, తానును అంత కలిపి, ఆ సొమ్మును మార్కెటుపాలు చేయు భాగస్వామ్య పింఛను పథకమును (సి.పి.ఎస్.) తెచ్చినది.

మా వీధిలోని లెక్కల మాస్టారు, చక్రవడ్డీని ఏండ్ల తరబడి బోధించిన దిట్ట, ఒకనాడు జీతపుచీటీ వెనుక తన పింఛనును గుణింపబూని, సగములో కలము మూసి, "ఇందులో వడ్డీరేటే లేదండీ, ఏమని కట్టను?" అనిరి.

పాత పింఛను భారమును ఖజానా మోయలేదను వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని జాతీయాదాయములో నూటికి ఆరువంతులు విద్యకు వెచ్చింపవలెనని 1966లోనే కొఠారీ విద్యాసంఘము చెప్పగా నేటికిని ఆ మెట్టెక్కని పాలకులు, పొదుపు పాఠమును పంతులతోనే ఆరంభించుట వింతగానున్నది. 2023లో ఆంధ్రప్రదేశ్ చేసిన హామీ పింఛను (జి.పి.ఎస్.) చట్టమును సైతము ఉపాధ్యాయ సంఘములు అంగీకరింపక పాత పింఛనే కావలెననుచున్నవి. వారి పక్షమే నాదియు. అయినను, పింఛనుకై మ్రోగిన గొంతులు ఏకోపాధ్యాయ పాఠశాలలను గూర్చియు అంత గట్టిగా మ్రోగియుండిన, ఊరిలోని తలిదండ్రులును వారి ఊరేగింపులలో నడచియుందురు.