ఉట్రెక్టులో కొత్త సైకిలా?

మా మేనల్లుడు చదువుకని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్టు వెళ్ళాడు. ఇప్పుడు కొత్త సైకిలు కొంటానంటున్నాడు. ఇంట్లో అందరూ "కొనుక్కో నాయనా" అనేశారు. నేనొక్కణ్ణే వద్దంటున్నా. మీ పిల్లలూ ఎక్కడో ఇలాగే ఉంటారు, అందుకే రాస్తున్నా.

మన హోసూరు ఇళ్ళలో సైకిలంటే కొత్తదే. పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ నలిపాకే వీధిలోకి తీసేది. పాతది కొంటే పరువు తక్కువ. ఆ లెక్క అక్కడ నడవదు. ఆ దేశంలో మనుషులకంటే సైకిళ్ళే ఎక్కువ. ఉట్రెక్టు రైల్వేస్టేషను దగ్గర ఒక్కచోటే 12,500 సైకిళ్ళు నిలపొచ్చు, మొదటి 24 గంటలు ఉచితం కూడా. కానీ ఇంటి ముందు, కొట్టు ముందు రోజూ బయటే కదా ఉండేది! దొంగ కన్ను మెరిసేదాని మీదే పడుతుంది. వానలో నానే బండికి మెరుపెందుకు, చెప్పండి?

పాతదే కొనాలి, గుడ్డిగా కాదు. ఫ్రేము నంబరు దొంగసొత్తు జాబితాలో ఉందేమో చూసుకోవాలి. (అక్కడ చాలా బళ్ళకి పెడలు వెనక్కి తొక్కితేనే బ్రేకు. మొదటి రోజు జాగ్రత్త!) మిగిలిన డబ్బుతో మంచి గొలుసు తాళం కొని స్టాండుకి కట్టెయ్యాలి. వెనక చక్రం తాళమొక్కటే వేస్తే బండిని ఎత్తుకునే పోతారు.

వెళ్ళింది రెండేళ్ళ చదువుకి. తిరిగొచ్చేటప్పుడు విమానంలో తెచ్చుకోడు కదా, అక్కడికి కొత్తగా వచ్చే ఇంకో కుర్రాడికి అమ్మేస్తాడు.