నిరోధకత ఎవరిది? ‘రెసిస్టెన్స్’ అనే మాటపై ఒక ఆలోచన

కొంతకాలం క్రితం ఒక రైతు సదస్సులో ప్రత్తి సాగుపై ప్రసంగిస్తూ ‘గులాబీ రంగు పురుగుకు నిరోధక శక్తి పెరిగింది’ అన్నాను. ముందు వరుసలో కూర్చున్న రైతు ఒకరు ‘అయితే ఈ ఏడు మందు ఖర్చు తగ్గుతుందండీ’ అన్నారు. పురుగును ఎదిరించే శక్తి విత్తనానికి పెరిగిందని ఆయన గ్రహించారు. నా వాక్యంలోని ‘కు’ విభక్తి ఆ అర్థానికీ అంతే చక్కగా సరిపోతుంది. తప్పు ఆయనది కాదు.

మూలం ‘రెసిస్టెన్స్’ అనే ఆంగ్ల పదంలో ఉంది. నేలలో తేమను కొలిచే జిప్సం దిమ్మెలో అది విద్యుత్ నిరోధం. నేల ఆరేకొద్దీ పెరుగుతుంది. నేల భౌతిక శాస్త్రంలో అది వేరు చొచ్చుకుపోవడానికి గట్టి నేల కలిగించే అడ్డు. సుమారు 2 మెగాపాస్కల్ దాటితే చాలా పైర్లలో వేరు పెరుగుదల బాగా కుంటుపడుతుంది. వృక్ష శరీరధర్మ శాస్త్రంలో అది పత్రరంధ్రాల గుండా నీటి ఆవిరి వెలుపలికి పోవడానికి కలిగే అవరోధం. ఈ అర్థాలు వేర్వేరు ప్రయోగశాలల్లో ఉంటాయి కనుక ఒకదానితో ఒకటి తారసపడవు.

సస్యరక్షణలో మాత్రం రెండు విరుద్ధ అర్థాలు ఒకే పొలంలో ఎదురవుతాయి. మొక్కలోని నిరోధకత రైతుకు లాభం; పురుగులోని నిరోధకత నష్టం. 1987-88లో కోస్తా ఆంధ్ర ప్రత్తి పొలాల్లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు లొంగక పైరును నాశనం చేసింది. బీటీ ప్రత్తిలోని క్రై1ఎసి ప్రోటీనుకు లొంగని గులాబీ రంగు పురుగు గుజరాత్‌లో ఉన్నట్లు 2010లో వెల్లడైంది. నా శాస్త్రశాఖకు చెందిన కలుపు మొక్కలూ ఇందుకు మినహాయింపు కాదు. పంజాబ్, హర్యానా గోధుమ పొలాల్లో ఫలారిస్ మైనర్ 1990వ దశకంలో ఐసోప్రోట్యూరాన్‌కు లొంగకుండా పోయింది.

ఇక్కడ ‘శక్తి’ అనే మాట మరో అపోహకు తావిస్తుంది. పురుగు మందుకు అలవాటుపడి బలపడిందని విద్యార్థులు సైతం రాస్తారు. వాస్తవానికి మందుకు చావని కొన్ని పురుగులు ముందునుంచే ఉంటాయి. మిగిలినవి చనిపోగా వాటి సంతతి వృద్ధి చెందుతుంది. ఈ సంగతి తెలియని రైతు అదే మందును మరింత మోతాదులో, మరిన్నిసార్లు కొడతాడు. దానితో ఆ వరణం ఇంకా వేగవంతమవుతుంది. పనిచేసే విధానం వేరైన మందులను మార్చి మార్చి వాడాలన్న మన సిఫారసు అతనికి అర్థరహితంగా తోస్తుంది.

‘మందుకు లొంగడం లేదు’ అని రైతులు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. కనుక పురుగు, తెగులు, కలుపు విషయంలో ‘లొంగనితనం’ అనే మాటనే మనం స్వీకరించవచ్చు. మొక్క విషయంలో ‘నిరోధకత’ను ఉంచుకుందాం. చీడ సోకినా దిగుబడి అంతగా తగ్గని గుణానికి ‘తట్టుకోవడం’ అనే మాటను ప్రత్యేకిద్దాం. ఏ మాట వాడినా ఆ గుణం దేనిది, దేనికి ఎదురుగా అన్న రెండు వివరాలు అదే వాక్యంలో ఉండాలి. కరపత్రం అచ్చుకు పంపేముందు ఆ వాక్యాన్ని ఒక రైతుచేత చదివించి, ఆయనకేమర్థమైందో అడిగితే చాలు. నేనిప్పుడు అదే చేస్తున్నాను.