కోడలి పేర జమ, మామగారికి పన్ను

పత్తి పద్దులు ముగిసి, మిర్చి రాక జోరుమీదుండే మార్చి నెలలో జగ్గయ్యపేట, నందిగామ కొట్లలో సరుకు ధరతోపాటు పన్ను లెక్కల ముచ్చట కూడా సాగుతుంది. లాభంలో కొంత ఇంట్లోవారి పేర జమకట్టి, ఆ సొమ్మునే వడ్డీకి మళ్లీ దుకాణంలోకి తెచ్చుకోవడం కుటుంబ వ్యాపారాలలో పాత అలవాటు. ఎవరి పేర జమకడుతున్నారన్న దానిపైనే ఫలితమంతా ఆధారపడి ఉన్నది.

1958 నాటి గిఫ్టు ట్యాక్సు 1998 అక్టోబరు 1 నుంచి లేదు. అంతకు ముందు 30,000 రూపాయలు దాటిన దానంపై 30 శాతం చెల్లించవలసి వచ్చేది. అది పోయింది కనుక ఇక ఎవరికి ఎంత ఇచ్చినా ఫరవాలేదన్న భావం నాటుకొన్నది. దగ్గరి బంధువులకు ఇచ్చినందుకుగాని, వారు పుచ్చుకొన్నందుకుగాని పన్ను లేని మాట నిజమే. ఆ సొమ్ముపై వచ్చే వడ్డీ ఎవరి ఆదాయమన్నదే పేచీ.

భార్యకు 10 లక్షలిచ్చి 9 శాతం వడ్డీకి వేయిస్తే, ఆ 90,000 రూపాయలు భర్త ఆదాయంలోనే కలుస్తాయి. కోడలికిచ్చినా అంతే, పన్ను మామగారిదే. మైనరు పిల్లల పేర వేసిన దానిపై వడ్డీ తల్లిదండ్రులలో ఆదాయం ఎక్కువ ఉన్నవారి లెక్కలోకి పోతుంది. 1961 చట్టంలోని 64వ సెక్షను ఇదే చెప్పింది. 2025 నాటి కొత్త చట్టంలోనూ ఈ నియమం ఉన్నది. ఒకరి భార్యకు మరొకరు ఎదురుబదులుగా ఇచ్చుకొనే ఉపాయాన్ని మద్రాసు కొఠారి కేసులో సుప్రీంకోర్టు 1963లోనే కొట్టివేసింది. అయినా ఏటా ఎవరో ఒకరు దానిని కొత్తగా కనిపెడుతూనే ఉంటారు!

చిత్రమేమంటే, కూతురికిస్తే ఈ చిక్కు లేదు. మేజరయిన కొడుక్కు, తల్లిదండ్రులకు ఇచ్చినా లేదు. వేరే ఆదాయం లేని తల్లికి పై 10 లక్షలూ ఇస్తే ఆ 90,000 ఆమెవే. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా వడ్డీ ఆదాయంపై ఆమెకు పన్ను పడదు. 30 శాతం శ్లాబులో ఉన్న కొడుక్కు సెస్సు కాక 27,000 మిగులు. కోడలి పేర వేయడానికి వెనుదీయని షావుకారు కూతురి పేర వేయడానికి మాత్రం తటపటాయిస్తాడు. ఆ సంకోచానికి కట్టే ధర ఇది.

తల్లికి ఇవ్వడంలోనూ ఆలోచించవలసినది లేకపోలేదు. ఇచ్చిన సొమ్ము ఇక ఇచ్చినవారిది కాదు. ఆమె వీలునామా లేకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్తకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వెళుతుంది. దుకాణం పెట్టుబడి ఆడపడుచుల వాటాకు పోయిందని అప్పుడు వాపోవడం న్యాయం కాదు. ఆమె ఇష్టపడితే వీలునామా ముందుగానే రాయించుకోవచ్చు. ఏమి రాయాలన్నది ఆమె ఇష్టం.

ఇచ్చేదేదో చెక్కు ద్వారా ఇచ్చి, దానపత్రం కాగితం మీద పెట్టడం మంచిది. 2017 ఏప్రిల్ నుంచి ఒకే వ్యక్తి వద్ద ఒకరోజున 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోరాదు. బంధువులైనా మినహాయింపు లేదు, పుచ్చుకొన్నంతా జరిమానా పడవచ్చు. స్థలమో పొలమో అయితే రిజిస్ట్రేషను తప్పదు. తల్లి ఖాతా నుంచి సొమ్ము అప్పుగా దుకాణానికి వచ్చేటప్పుడు కూడా 20,000, ఆపై మొత్తమయితే బ్యాంకు ద్వారానే రావాలి.